పడని పదార్థాల పట్టిక: హిస్టమిన్ అసహనంపై ఒక విమర్శ

తెలుగులో ‘పడదు’ అన్న మాటకు విస్తృతి ఎక్కువ. వంకాయ తింటే నోరు దురదపెట్టినా, పాలు తాగితే కడుపు ఉబ్బినా, నిలవ చేప తిని ఒళ్ళు ఎర్రబారినా ‘నాకది పడదు’ అనే అంటారు. వైద్యశాస్త్రం వీటిని వేర్వేరుగా చూస్తుంది. మొదటిది ఎలర్జీ కావచ్చు, కాకపోవచ్చు. రెండవది చాలాసార్లు పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైము లోపం. మూడవది విషాహారం. గత రెండు దశాబ్దాల్లో వీటన్నింటి సరిహద్దుల మీద నిలబడిన మరొక పేరు అమెరికాలోనూ యూరప్‌లోనూ ప్రచారంలోకి వచ్చింది. అది హిస్టమిన్ ఇన్‌టాలరెన్స్, అంటే హిస్టమిన్ అసహనం.

ఈ సిద్ధాంతాన్ని చెప్పడం తేలిక. కొన్ని ఆహారాల్లో హిస్టమిన్ ఉంటుంది. చిన్నప్రేగు గోడలో ఉండే డయమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దానిని విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ఎంజైము తక్కువగా ఉన్నవారిలో హిస్టమిన్ రక్తంలోకి చేరి తలనొప్పి, దురద, ముక్కు కారడం, గుండెదడ, విరేచనాల వంటి లక్షణాలను కలిగిస్తుంది. ఈ గొలుసులోని ప్రతి లంకెకూ ఎంతో కొంత శాస్త్రీయాధారం ఉంది. చిక్కు ఆ గొలుసుకు చివర వేలాడదీసిన వస్తువులతోనే: నిషిద్ధాహారాల పట్టికలు, రక్తపరీక్షలు, ఎంజైము గుళికలు. హిస్టమిన్ గురించి నూరేళ్ళుగా పోగుపడిన జ్ఞానమంతా ‘ఎంత?’ అన్న ప్రశ్న చుట్టూ అల్లుకున్నది. పట్టికలు మాత్రం ‘ఏది?’ అన్న ప్రశ్నకే జవాబు చెబుతాయి. మోతాదును వదిలేసి పేర్లను నిషేధించడం ఈ సిద్ధాంతానికి ప్రచారంలో ఉన్న రూపంలోని మౌలికలోపం.

అమెరికాలోని తెలుగువారికి ఇది కేవలం పాండిత్యచర్చ కాదు. ప్రచారంలో ఉన్న పట్టికల్లో ఏ రెండూ ఒక్కటి కాకపోయినా, నాలుగైదింటిని కలిపి పాటిస్తే టొమాటో, వంకాయ, పాలకూర, నిమ్మ, బొప్పాయి, పప్పుదినుసులు, పెరుగు, పులిసిన పిండి, నిలవ పచ్చడి అన్నీ పోతాయి. శాకాహారికి ఇక మిగిలేది అన్నమూ నాలుగు కూరలూను. ఇంత త్యాగాన్ని కోరే వాదానికి అంత బలమైన రుజువు ఉండాలి.

ఒక అణువు, రెండు ఎంజైములు

హిస్టిడిన్ అనే ఎమైనో ఆమ్లం నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును తొలగిస్తే హిస్టమిన్ వస్తుంది. లండన్‌లో హెన్రీ డేల్, పాట్రిక్ లైడ్‌లా 1910లో దీని ప్రభావాలను వర్ణించినప్పటికి ఇది శరీరంలో సహజంగా ఉండే పదార్థమని తేలలేదు. 1927లో బెస్ట్, డేల్, డడ్లీ, థోర్ప్‌లు తాజా కాలేయం నుంచీ ఊపిరితిత్తుల నుంచీ దీనిని వేరుచేశాక ఆ సందేహం తీరింది. నేడు తెలిసినంతవరకు హిస్టమిన్ రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది, దురద పుట్టిస్తుంది, జీర్ణాశయంలో ఆమ్లం ఊరేలా చేస్తుంది, మెదడును మేలుకొని ఉండేలా చూస్తుంది. జలుబుకు వాడే పాత తరం యాంటీహిస్టమిన్ మాత్రలు నిద్రమత్తు తెప్పించడానికి కారణం ఈ చివరి పనిని అడ్డుకోవడమే. అందువల్ల హిస్టమిన్‌ను కేవలం ఒక ‘విషం’గా చిత్రించడం సరికాదు. అది శరీరానికి అవసరమైన సంకేతం. సంకేతం పని పూర్తయ్యాక చెరిగిపోవాలి. ఆ చెరిపే పనికి శరీరం రెండు ఎంజైములను పెట్టుకుంది.

నోటి ద్వారా వచ్చే హిస్టమిన్ పెద్దగా హాని చేయదన్న సంగతిని మొదట గట్టిగా చూపినవారిలో షికాగో పరిశోధకులు కెస్లర్, హాంకి ఉన్నారు. జంతువులకు సూదిమందుగా ఇస్తే ప్రమాదకరమయ్యే పదార్థం ప్రేగు గోడ దాటేలోగా నిర్వీర్యమవుతోందని 1924లో వారు ప్రకటించారు. 1929లో, ఇన్సులిన్ చరిత్ర వల్ల పేరు తెలిసిన చార్లెస్ బెస్టే, కణజాలంలో హిస్టమిన్ మాయమవడాన్ని గమనించాడు. మరుసటి ఏడాది మెక్‌హెన్రీతో కలిసి ఆ పని చేసే ఎంజైముకు హిస్టమినేజ్ అని పేరు పెట్టాడు. తరువాత అది ఇతర డయమీన్లను కూడా విడగొడుతుందని తెలిసి డయమీన్ ఆక్సిడేజ్ అయింది. దీనికి రాగి అవసరం. చిన్నప్రేగులోనూ, మూత్రపిండాల్లోనూ, గర్భిణుల మాయలోనూ ఇది ఎక్కువగా ఉంటుంది.

రెండవ ఎంజైము చరిత్ర అమెరికాది. 1959లో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో జూలియస్ ఆక్సెల్‌రాడ్, ఆయన సహచరులు హిస్టమిన్‌కు ఒక మిథైల్ గుంపును తగిలించి దానిని నిర్వీర్యం చేసే ఎంజైమును వర్ణించారు. హిస్టమిన్ ఎన్-మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఈ ఎంజైము కణాల లోపల పనిచేస్తుంది. డయమీన్ ఆక్సిడేజ్ ముఖ్యంగా కణాల వెలుపల, ప్రేగు ద్వారం దగ్గర పనిచేస్తుంది. మొదటిది వాకిట్లో కాపలా అయితే రెండవది గదుల్లో కాపలా. ప్రచార సాహిత్యం మొదటిదాన్ని గురించే మాట్లాడుతుంది. ఎందుకంటే గుళికలో పెట్టి అమ్మడానికి వీలైంది అదొక్కటే.

చేప నేర్పిన పాఠం

ఆహారంలోని హిస్టమిన్ మనిషికి హాని చేయగలదనడానికి తిరుగులేని నిదర్శనం చేపల్లో దొరుకుతుంది. ట్యూనా, మాహీమాహీ, కానాగంతల వంటి చేపల కండలో హిస్టిడిన్ పుష్కలం. పట్టిన చేపను వెంటనే చల్లబరచకపోతే మోర్గనెల్లా మోర్గనై వంటి బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. ఒకసారి ఏర్పడిన హిస్టమిన్ వండినా, వేయించినా, డబ్బాలో పెట్టి ఉడికించినా పోదు. తిన్న కొన్ని నిమిషాల నుంచి గంటలోపు ముఖం ఎర్రబారుతుంది, తల పగిలిపోతున్నట్టుంటుంది, గుండె దడదడలాడుతుంది. చాలామందిలో ఒక రోజులోగా అంతా సర్దుకుంటుంది. దీనిని స్కాంబ్రాయిడ్ విషాహారం అంటారు. చూడడానికి ఎలర్జీలా ఉంటుంది కాబట్టి ‘మీకు చేప పడదు’ అని రోగికి జీవితాంతం వర్తించే ముద్ర వేసే పొరపాటు జరుగుతుంటుంది. నిజానికి పడనిది చేప కాదు, ఆ పూట తిన్న ఆ చేపముక్క. అదే రకం చేపను తాజాగా తింటే ఏమీ కాదు.

1973లో అమెరికాలో డబ్బాల్లో అమ్మిన ట్యూనా వల్ల 200 మందికి పైగా ఇలా జబ్బుపడ్డారు. ఈ రకం ప్రమాదాలను ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థ ఎఫ్.డి.ఏ. ఎదుర్కొన్న పద్ధతి గమనించదగినది. ‘ట్యూనా తినవద్దు’ అని అది చెప్పలేదు. కిలో చేపలో 50 మిల్లీగ్రాముల హిస్టమిన్ ఉంటే కుళ్ళినట్టుగానూ, 500 మిల్లీగ్రాములుంటే విషతుల్యంగానూ లెక్కగట్టింది. 1997 నుంచి అమలైన సముద్రాహార నియమావళి ద్వారా పడవలోని మంచుగడ్డ దగ్గరనుంచి దుకాణం దాకా చల్లదనానికి లెక్కలు రాయించింది. 2021లో వెలువడిన ముసాయిదాలో 50ని 35కు తగ్గించాలని ప్రతిపాదించింది. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు 2012లో ఆరోగ్యవంతులకు ఒక భోజనంలో 50 మిల్లీగ్రాముల వరకు దుష్ప్రభావం కనిపించదని నిర్ధారించారు. కిలోకు 50 మిల్లీగ్రాములున్న చేపను పావుకిలో తిన్నా ఒంట్లోకి చేరేది పన్నెండున్నర మిల్లీగ్రాములే. అదే 500 ఉన్న చేప అయితే 125. ఒకే చేప, ఒకే వంట, ఒకే మనిషి. ఫలితాన్ని తేల్చేది అంకె.

ఇక ఎంజైము సంగతి. డయమీన్ ఆక్సిడేజ్ మందగిస్తే ఏమవుతుందో ప్రకృతి ఒక ప్రయోగం చేసి చూపింది. క్షయవ్యాధికి వాడే ఐసోనియాజిడ్ మందు ఈ ఎంజైమును అడ్డుకుంటుంది. శ్రీలంకలో ఆ మందు తీసుకుంటున్న రోగులు చేప తిన్న తరువాత హిస్టమిన్ విషలక్షణాలతో బాధపడ్డ సంగతిని వైద్యుడు ఉరగోడ 1970ల చివరి నుంచి నమోదు చేశాడు. ఈ హెచ్చరిక నేడు అమెరికాలో ఐసోనియాజిడ్‌తో ఇచ్చే సమాచార పత్రంలో ఉంది. భారతదేశం నుంచి వచ్చినవారిలో నిద్రాణంగా ఉన్న క్షయకు చికిత్సగా ఈ మందును సూచించడం అమెరికాలో అరుదు కాదు గనుక, ఇది తెలుగు కుటుంబాలకు నేరుగా వర్తించే విషయం. ఎంజైము బలహీనపడినప్పుడు ఆహారంలోని హిస్టమిన్ బాధించగలదన్న మూలసూత్రం దీనివల్ల నిలబడుతుంది. హిస్టమిన్ అసహనమన్నది శుద్ధ అబద్ధమని కొట్టిపారేసేవారు ఈ సాక్ష్యాన్ని దాటి వెళ్ళలేరు.

ఒక సమీక్ష, ఒక శాతం

మూలసూత్రం నిజమైనంత మాత్రాన దానిపై కట్టిన మేడంతా నిజం కాదు. ఈ మేడకు పునాదిరాయిగా తరచు ఉదహరించేది 2007లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా మైంట్స్, నటాలియా నోవాక్ రాసిన సమీక్ష. చెదిరి ఉన్న సమాచారాన్ని ఒకచోట చేర్చిన విలువైన వ్యాసమది. జనాభాలో సుమారు ఒక శాతం మందికి ఈ సమస్య ఉందని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక శాతం ఆ తరువాత ఎన్నో వ్యాసాల్లోకీ, ప్రకటనల్లోకీ ప్రవహించింది. కానీ జనాభాలో ఒక జబ్బు ఎంతమందికి ఉందో లెక్కించాలంటే ముందు ఆ జబ్బును నిర్ధారించే పరీక్ష ఒకటుండాలి. హిస్టమిన్ అసహనానికి అందరూ అంగీకరించిన నిర్ధారణ పరీక్ష అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కొలబద్ద లేకుండా వచ్చిన కొలతగా ఆ అంకెను చూడాలి.

నిజమైన పరీక్ష ఒకటే: ఏది ఇస్తున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా ఒకసారి హిస్టమిన్, మరోసారి ఉత్తుత్తి పదార్థం ఇచ్చి చూడడం. ఇటువంటి ప్రయోగాలు కొన్ని జరిగాయి. వాటి ఫలితాలు సిద్ధాంతానికి సుఖంగా లేవు. 2004లో వియన్నాలో ఏ ఆహార సమస్యా లేని పదిమంది ఆరోగ్యవంతులైన స్త్రీలకు 75 మిల్లీగ్రాముల హిస్టమిన్‌ను ద్రవరూపంలో ఇస్తే సగంమందిలో లక్షణాలు కనిపించాయి. అంటే ఆ మోతాదులో ‘అసహనం’ ఉన్నవారికీ లేనివారికీ మధ్య గీత గీయడమే కష్టం. 2011లో ఆస్ట్రియాలోనే కొమెరిట్స్కి బృందం హిస్టమిన్ అసహనం ఉందని అనుమానించిన రోగులపై ఇదే 75 మిల్లీగ్రాములతో ప్రయోగం చేసింది. ఒక రోగిలో మొదటిసారి వచ్చిన లక్షణమే రెండవసారీ వస్తుందన్న నమ్మకం లేదని తేలింది. ఫ్రాన్స్‌లో 2001లో కానీ అనే పరిశోధకురాలి బృందం వైన్ పడదని చెప్పే 16 మందికి హిస్టమిన్ ఎక్కువున్న వైన్‌నూ, దాదాపు లేని వైన్‌నూ ఇచ్చి చూస్తే రెండింటి మధ్య తేడా కనపడలేదు. వారి బాధ అబద్ధమని దీని అర్థం కాదు. దానికి హిస్టమిన్ కారణమన్న నిర్ధారణే నిలబడలేదు.

ఇక్కడ సిద్ధాంతం తరఫున ఒక న్యాయమైన సమాధానం ఉంది. ప్రయోగశాలలో ఇచ్చే శుద్ధ హిస్టమిన్‌కూ భోజనానికీ తేడా ఉంది. భోజనంలో పుట్రెసిన్, కెడావరిన్ వంటి ఇతర ఎమైన్లు అదే ఎంజైము కోసం పోటీపడతాయి. మద్యమూ దాని పనికి అడ్డు వస్తుంది. ప్రేగు పొర దెబ్బతిన్నవారిలో ఎంజైము తాత్కాలికంగా తగ్గవచ్చు. ఇవన్నీ ఆలోచించదగినవే. అయితే ఈ వాదం పట్టికలను మరింత బలహీనపరుస్తుందే తప్ప బలపరచదు. ఫలితం తిన్న మొత్తం, తోడుగా ఉన్న పదార్థాలు, తాగిన పానీయం, వాడుతున్న మందు, ఆనాటి ప్రేగు స్థితి కలిసి నిర్ణయించేదైతే, ‘టొమాటో – నిషిద్ధం’ అన్న ఒక్క పంక్తి చెప్పేదేముంటుంది?

పట్టికలను తూచినప్పుడు

బార్సెలోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పని శ్రద్ధగా చేశారు. శాస్త్ర సాహిత్యంలో ఉన్న పది రకాల అల్ప హిస్టమిన్ ఆహార విధానాలను పక్కపక్కన పెట్టి, వాటిలో నిషేధించిన పదార్థాల్లో నిజంగా ఎంత హిస్టమిన్ ఉందో చూశారు. 2021లో వెలువడిన ఆ వ్యాసం ప్రకారం అన్ని విధానాలూ ఏకగ్రీవంగా వద్దన్నవి పులియబెట్టిన ఆహారాలు మాత్రమే. నిషిద్ధాల్లో హిస్టమిన్ ఎక్కువగా ఉన్నందువల్ల వద్దన్నారని చెప్పదగినవి 32 శాతమే. మిగిలినవాటిలో కొన్నింటికి పుట్రెసిన్ వంటి ఇతర ఎమైన్లు కారణం కావచ్చునని పరిశోధకులు ఉదారంగా సూచించారు. నారింజ, నిమ్మ జాతులు అందుకు ఉదాహరణ. ఈ పరిశోధకులు సిద్ధాంతానికి శత్రువులు కారు. హిస్టమిన్ అసహనాన్ని గంభీరంగా తీసుకొని పనిచేస్తున్నవారే. వారి లెక్కలోనే మూడింట రెండు వంతుల నిషేధానికి హిస్టమిన్ ఆధారం లేకపోవడం గమనార్హం.

మరి ఆ మూడింట రెండు వంతులు పట్టికల్లోకి ఎలా వచ్చాయి? ‘హిస్టమిన్‌ను విడుదల చేయించే ఆహారాలు’ అన్న వర్గం ఒకటుంది. తమలో హిస్టమిన్ లేకపోయినా శరీర కణాల నుంచి దానిని బయటికి రప్పిస్తాయని స్ట్రాబెర్రీ, బొప్పాయి, అనాస, పప్పుగింజల వంటివాటిని ఇందులో చేర్చారు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2005లో దీని మూలాలను వెతికితే మనుషులపై జరిగిన పకడ్బందీ ప్రయోగాలు దాదాపు ఏవీ దొరకలేదు. ఒక పట్టిక నుంచి మరొక పట్టికలోకి ఎక్కించుకుంటూ పోవడమే ఈ వర్గానికి బలం. పాత తాళపత్రాల్లో లేఖకుడి తప్పు ప్రతి నుంచి ప్రతికి పాకి చివరికి పాఠంగా స్థిరపడడం సాహిత్య పరిశోధకులకు తెలిసిన సంగతే. ఇక్కడ జరిగినదీ అదే.

వంకాయ, ఇడ్లీ, ఆవకాయ

ఈ పట్టికలు పుట్టింది ప్రధానంగా జర్మనీ, ఆస్ట్రియా, స్పెయిన్ వంటశాలల్లో. వాటి ‘పులియబెట్టినవి’ అంటే నెలల తరబడి మాగిన చీజ్, ఎండబెట్టిన సాసేజ్, పీపాలో పులిసిన క్యాబేజీ, వైన్. ఆ మాట అమెరికాలోని తెలుగు వంటింట్లోకి వచ్చేసరికి ఇడ్లీపిండినీ, పెరుగునూ, ఆవకాయనూ ఒకే గంపలో వేస్తుంది. హిస్టమిన్ పుట్టడానికి మూడు కావాలి: ఎక్కువ ప్రోటీను నుంచి వచ్చే స్వేచ్ఛా హిస్టిడిన్, దానిని మార్చగల బ్యాక్టీరియా, సమయం. మాగిన చీజ్‌లో మూడూ ఉంటాయి. అందుకే దానిలో కిలోకు వందల మిల్లీగ్రాములు ఉండగలవు. ఇడ్లీపిండి పులిసేది ఒక రాత్రి. దానిని పొంగించేవాటిలో ముఖ్యమైనది ల్యూకోనాస్టాక్ అనే లాక్టిక్ బ్యాక్టీరియా. పెరుగు తోడుకొనేది కొన్ని గంటల్లోనే. దానిలో హిస్టమిన్ సాధారణంగా స్వల్పం. ఆవకాయలో మామిడికాయకు ప్రోటీను నామమాత్రం. ఉప్పు, నూనె, ఆవపిండి, పులుపు బ్యాక్టీరియాను అదుపు చేయడానికే ఉన్నాయి. వీటన్నింటినీ సాసేజ్‌తో సమానం చేయడం రసాయనశాస్త్రం కాదు, మాటల పోలిక.

వంకాయ కథ ఇంకా ఆసక్తికరం. వంకాయ దురద పెడుతుందని తెలుగు ఇళ్ళల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన వెంకటేశ్, ఆయన సహచరులు ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. 2008లో ప్రచురించిన అధ్యయనంలో 741 మందిని పరిశీలిస్తే సుమారు 9 శాతం మందికి వంకాయతో ఇబ్బంది ఉంది. అసలైన ఎలర్జీగా, అంటే ఐ.జి.ఇ. ప్రతిరక్షకాల ద్వారా జరిగేదిగా రుజువైంది మాత్రం ఒక శాతం లోపే. వంకాయలో హిస్టమిన్ ఉంటుంది. పాలకూరలాగానే కిలోకు పదుల మిల్లీగ్రాములు ఉండవచ్చు. టొమాటోలో సగటున కొద్ది మిల్లీగ్రాములే. చర్మం హిస్టమిన్‌కు ఎక్కువగా స్పందించేవారిలో ఎలర్జీ లేకపోయినా, వంకాయ రసంతో చేసే సూదిపొడుపు పరీక్షలో దద్దు లేచి, వంకాయ ఎలర్జీగా పొరబడే ప్రమాదం ఉందని అదే బృందం 2009లో హెచ్చరించింది.

ఈ పని ఆదర్శప్రాయమైనది. జనం చెప్పే ‘పడదు’ను మూఢనమ్మకమని తోసిపుచ్చలేదు, అలాగని ఒక కొత్త జబ్బు పేరూ తగిలించలేదు. ఇబ్బంది ఉన్నవారెందరో లెక్కించి, వారిలో ఎలర్జీ ఎందరికో విడదీసి, పదార్థంలో ఉన్న రసాయనాన్ని కొలిచి చూసింది. వంద గ్రాముల వంకాయ కూర తింటే ఒంట్లోకి వెళ్ళేది కొద్ది మిల్లీగ్రాములే. నోటి చుట్టూ దురదకు అది చాలవచ్చు. దాని ఆధారంగా జీవితాంతం వంకాయ మానమనడం వేరే సంగతి.

తెలుగు భోజనంలో నిజంగా జాగ్రత్త పడవలసినది చేప. గడ్డకట్టించిన వంజరాన్నీ కానాగంతలనూ వంటగది గట్టుమీద గంటల తరబడి కరిగించడం, సగం వాడి మళ్ళీ గడ్డకట్టించడం, చల్లదనం లేని రవాణాలో వచ్చిన చేపను పులుసులో మరిగిస్తే సరిపోతుందనుకోవడం – హిస్టమిన్‌కు దారులు ఇవి. మరిగించడం బ్యాక్టీరియాను చంపుతుంది, అవి అప్పటికే తయారుచేసిన హిస్టమిన్‌ను ఏమీ చేయలేదు. టొమాటోను నిషేధించే పట్టికలు ఈ విషయానికి ఇచ్చే స్థలం చాలా తక్కువ.

పరీక్ష, గుళిక

రక్తంలో డయమీన్ ఆక్సిడేజ్‌ను కొలిచి జబ్బును నిర్ధారిస్తామనే పరీక్షలు అమెరికాలో డబ్బుపెడితే దొరుకుతాయి. పని జరిగేది ప్రేగు గోడలో. కొలిచేది రక్తంలో చెదిరి ఉన్న స్వల్పభాగాన్ని. ఇంటి నీళ్ళ ట్యాంకులో ఎంత నీరుందో వీధి కాలువను చూసి అంచనా వేయడం వంటిదిది. జర్మనీ ఎలర్జీ వైద్య సంఘాలు 2017లో ప్రచురించి, 2021లో సవరించిన మార్గదర్శకాలు ఈ పరీక్షను నిర్ధారణకు ఆధారంగా అంగీకరించలేదు. ఆ పత్రాల శీర్షికే ‘హిస్టమిన్ అసహనం’ అన్న పేరును తప్పించి, తిన్న హిస్టమిన్ వల్ల కలిగాయని అనుమానించే ప్రతిచర్యలు అని జాగ్రత్తగా మాట్లాడుతుంది.

గుళికల్లోని ఎంజైమును ఎక్కువగా పంది మూత్రపిండాల నుంచి తీస్తారు. బఠాణీ మొలకల నుంచి తీసినవీ ఉన్నాయి. శాకాహారులు సీసా మీది చిన్న అక్షరాలను చదవక తప్పదు. అమెరికాలో వీటిని 1994 నాటి చట్టం కింద ఆహార పూరకాలుగా అమ్ముతారు కాబట్టి పనిచేస్తాయని ముందుగా ఎఫ్.డి.ఏ.కు రుజువు చేయనవసరం లేదు. సమర్థనగా చూపే ప్రయోగాల్లో ఒకటి 2019లో ఆస్ట్రియాలో 28 మందిపై నాలుగు వారాలు జరిగింది. లక్షణాలు తగ్గాయి. కానీ పోల్చి చూడడానికి ఉత్తుత్తి మాత్ర తీసుకున్న బృందం లేదు. మంచి రోజులూ చెడ్డ రోజులూ వచ్చిపోయే బాధల్లో అటువంటి పోలిక లేని ఫలితానికి బరువు తక్కువ.

ఈ ఎంజైముకు విటమిన్ బి6 తోడ్పడుతుందని, కాబట్టి అదీ కొనమనే సలహా మరొకటి. ఒకప్పుడు శాస్త్రజ్ఞులూ అలాగే ఊహించారు. 1990లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో జూడిత్ క్లిన్‌మన్ బృందం ఈ కుటుంబానికే చెందిన ఎంజైమును పరిశీలించి, దాని కేంద్రంలో ఉన్నది బి6 కాదనీ, ఎంజైములోని టైరొసిన్‌ నుంచే రూపుదిద్దుకున్న వేరే సహకారకమనీ తేల్చింది. అదే టోపాక్వినోన్. దాని తయారీకి కావలసినది రాగి. ముప్పై ఏళ్ళు దాటినా పాత ఊహ సీసాల మీద చెక్కుచెదరలేదు.

పథ్యానికి గడువు

ఇంత ఆధారలేమి ఉన్నా ఈ పట్టికలను పాటించి మేలు పొందామనేవారు ఎందరో ఉన్నారు. వారి మాటను అబద్ధమనడానికి వీల్లేదు. మద్యం, మాగిన చీజ్, నిలవ మాంసం, బయటి తిండి మానితే అనేక కారణాల వల్ల ఒంటికి మేలు జరుగుతుంది. పప్పులు, పాలు తగ్గితే గ్యాసు తగ్గుతుంది. పాల చక్కెరను అరిగించుకోలేకపోవడం దక్షిణ భారతీయుల్లో విస్తారంగా ఉన్న సంగతి. అయితే ఆ మేలును హిస్టమిన్ ఖాతాలో వేసినప్పుడు అసలు కారణం కనుమరుగవుతుంది. సీలియక్ వ్యాధి, దీర్ఘకాలిక దద్దుర్లు, ప్రేగు వాపు వంటివి పట్టిక వెనుక దాక్కుంటాయి. పట్టిక వల్ల జరిగే పెద్ద హాని ఇదే. రెండవది, ఒక్కొక్క పదార్థాన్నీ భయంతో మానుకుంటూ పోయిన మనిషికి పోషణ తగ్గడం, తిండి మీదే అపనమ్మకం పెరగడం.

తెలుగువారికి పథ్యం కొత్త కాదు. బాలింతకు పథ్యం ఉంది, కామెర్లకు ఉంది, మందు తింటున్నవారికి ఉంది. ఆ పథ్యాల్లోని ప్రతి నియమానికీ శాస్త్రీయాధారం ఉందని చెప్పలేం. కానీ పథ్యానికి రెండు మంచి లక్షణాలున్నాయి: అది ఒక మనిషికి, ఒక గడువు వరకు చెప్పేది. ఫలానా రోజుతో పథ్యం విడుస్తారు. ఇప్పటి నిషిద్ధ పట్టికకు ఆ రెండూ లేవు. అది అందరికీ ఒకటే, ఎప్పటికీ ఉండేది.

విచిత్రంగా, జర్మన్ మార్గదర్శకాలు సూచించే పద్ధతి పాత పథ్యానికి దగ్గరగా ఉంటుంది. ముందు వైద్యుడు ఇతర వ్యాధులు లేవని చూస్తాడు. 10 నుంచి 14 రోజులు ఆహారాన్ని పరిమితం చేస్తారు. తేడా కనపడితే తరువాతి ఆరు వారాల వరకు ఒక్కొక్క పదార్థాన్నీ తిరిగి చేర్చి, ఏది ఎంత తింటే ఏమవుతోందో రాసిపెడతారు. ఆ పైన ఆ వ్యక్తికి తగిన భోజనాన్ని వీలైనంత విశాలంగా స్థిరపరుస్తారు. తేడా కనపడకపోతే పథ్యం విడిచి వేరే కారణం వెతుకుతారు. ఈ పద్ధతిలో పట్టిక మొదటి మెట్టు మాత్రమే. రోగి రాసుకునే పుస్తకమే అసలు సాక్ష్యం. ఐసోనియాజిడ్ వంటి మందులు వాడుతున్నవారైతే ఆ పుస్తకం కంటే ముందు మందుల జాబితా చూడాలి.

హిస్టమిన్ అసహనమన్న పేరు రేపు నిలుస్తుందో, మరింత నిర్దిష్టమైన పేర్లుగా చీలిపోతుందో నిర్ణయించేది మరింత పెద్ద, మరింత నిజాయితీ గల ప్రయోగాలు. అంతవరకు ఈ రంగంలో వెలువడే ఏ సలహానైనా ఒక ప్రశ్నతో తూచవచ్చు: ఇందులో మోతాదు ఉందా? ఎఫ్.డి.ఏ. చేప గురించి మాట్లాడినప్పుడు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పింది. మైసూరు పరిశోధకులు వంకాయను కొలిచి మాట్లాడారు. అంకె, మనిషి, గడువు – మూడూ లేని నిషేధాన్ని వైద్యసలహాగా స్వీకరించవలసిన అవసరం లేదు.